వెనిగర్ మీ షుగర్‌ని నిజంగా తగ్గిస్తోందా? మీటరుతో మీరే తేల్చుకోండి

షుగర్ ఉందని బయటపడి వారం తిరక్కుండానే సలహాలు మొదలవుతాయి. వాటిలో వెనిగర్ తప్పకుండా ఉంటుంది. రోజూ రెండు చెంచాలు తాగితే మాత్రలే అక్కర్లేదని ఒకరంటారు, అదంతా ఉత్త మాట అని ఇంకొకరు కొట్టిపారేస్తారు. నాకు రెండూ తొందరపాటు మాటలే అనిపిస్తాయి. వెనిగర్‌కి ఒక పని ఉంది, కానీ అది చిన్న పని. పిండిపదార్థం దండిగా ఉన్న భోజనం చేశాక మొదటి గంటలో షుగర్ ఎగబాకే ఎత్తుని కాస్త తగ్గిస్తుంది. మందు మానిపించేంత బలం దానికి లేదు. ఆ కాస్త కూడా అందరిలో ఒకేలా కనిపించదు.

అందుకే పక్కవాళ్ళకి పనిచేసిందా అని అడిగే బదులు ఇంట్లో ఉన్న గ్లూకోమీటర్‌ని అడగడం మేలు. ఆరు రోజులు, పాతిక లోపు స్ట్రిప్పులు, ఒక నోటుబుక్కు, ఒక కొలత చెంచా ఉంటే చాలు. వంటింటి తూకం ఉంటే ఇంకా మంచిది.

ముందు మందుల చీటీ తీయండి

వెనిగర్ సీసా కొనకముందే చేయాల్సిన పని ఇది. మీరు వాడే మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటీ చూసుకోండి.

భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ ఉందా? అయితే డాక్టరుని అడగకుండా ఈ ప్రయోగం మొదలుపెట్టొద్దు. కారణం సులువుగానే అర్థమవుతుంది. వెనిగర్ పొట్టలోంచి తిండి కిందికి జారే వేగాన్ని తగ్గిస్తుంది. ఇన్సులిన్ మాత్రం తన సమయానికి తాను పనిచేస్తూ పోతుంది. తిండిలోని గ్లూకోజు రక్తంలోకి చేరేలోపే ఇన్సులిన్ పని మొదలైతే షుగర్ పడిపోతుంది, తిండి ఆలస్యంగా చేరాక పైకి లేస్తుంది. గ్లిమిపిరైడ్, గ్లైక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది, ఎందుకంటే అవి ఒంట్లో ఇన్సులిన్‌ని పిండి బయటికి తెస్తాయి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి షుగర్ పడిపోయే భయం చాలా తక్కువ.

ఫ్యూరోసిమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీరు తీసే మాత్రలు, గుండెకి వాడే డిగాక్సిన్ చీటీలో ఉంటే ఇంకో మెలిక ఉంది. నీరు తీసే మాత్రలతో ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. వెనిగర్ మోతాదు మించితే అదీ పొటాషియాన్ని తగ్గించగలదు. పొటాషియం పడిపోతే డిగాక్సిన్ వాడేవాళ్ళకి ప్రమాదం పెరుగుతుంది. 1998లో ఆస్ట్రియా వైద్యులు 28 ఏళ్ళ యువతి గురించి రాశారు. ఆమె ఆరేళ్ళుగా రోజుకి పావు లీటరు యాపిల్ సైడర్ వెనిగర్ తాగుతోంది. ఆస్పత్రికి వచ్చేసరికి పొటాషియం బాగా పడిపోయి ఉంది, ఆ వయసుకే ఎముకలు గుల్లబారాయి. పావు లీటరు ఎవరు తాగుతారులే అనుకోవద్దు. మంచిదన్నారు కదా అని చెంచాని గ్లాసు చేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

ఇక అసలు దూరంగా ఉండాల్సినవాళ్ళు. షుగర్ చాలా ఏళ్ళుగా ఉండి, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, తిన్న చాలా సేపటికి కూడా ఉబ్బరంగా ఉండటం, వాంతులు లాంటివి ఉన్నవాళ్ళు వెనిగర్ జోలికి వెళ్ళొద్దు. దీన్ని గ్యాస్ట్రోపరీసిస్ అంటారు. నరాలు దెబ్బతిని పొట్ట కదలిక మందగించడం అన్నమాట. 2007లో స్వీడన్‌లో టైప్ 1 మధుమేహంతో పాటు ఈ సమస్య కూడా ఉన్న పది మందికి రోజూ 30 మిల్లీలీటర్ల వెనిగర్ రెండు వారాలు ఇచ్చి చూశారు. పొట్ట ఖాళీ అయ్యే రేటు 27 శాతం నుంచి 17 శాతానికి దిగింది. అసలే నత్తనడక, దానికి ఇంకో బరువు. సెమాగ్లూటైడ్ లాంటి మందులు కూడా పొట్టని నెమ్మదింపజేస్తాయి కాబట్టి అవి వాడేవాళ్ళూ ముందు డాక్టరుతో మాట్లాడాలి.

పొట్టలో అల్సర్, గుండెల్లో మంట, మింగడంలో ఇబ్బంది, కిడ్నీ జబ్బు, ఇప్పటికే అరిగిన పళ్ళు, గర్భం, టైప్ 1 మధుమేహం: వీటిలో ఏది ఉన్నా అంతే. డాక్టరు సరేనంటేనే కింది మాటలు మీకోసం.

అది చేసే పని ఎంతవరకు

ఇది తెలియకపోతే ప్రయోగం తప్పు భోజనం మీద చేసి, పనిచేయలేదని నిట్టూరుస్తారు.

వెనిగర్‌లో పనిచేసేది ఎసిటిక్ ఆమ్లం. మామూలు వెనిగర్‌లో అది నాలుగు నుంచి ఆరు శాతం ఉంటుంది, మిగతాదంతా దాదాపు నీళ్ళే. పొట్టని నెమ్మదింపజేయడం దాని ముఖ్యమైన పని. పేగుల్లో పిండిపదార్థాన్ని, చక్కెరని విడగొట్టే ఎంజైముల్ని కొంత అడ్డుకుంటుందని ల్యాబులో పెంచిన కణాల్లో గమనించారు. టైప్ 2 ఉన్నవాళ్ళ ముంజేతి కండరాలు గ్లూకోజుని ఎక్కువగా లోపలికి తీసుకున్నాయని 2015లో గ్రీసు పరిశోధకులు కొలిచి చెప్పారు.

ఎక్కువగా చెప్పుకునే ప్రయోగం 2004 నాటిది. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో కెరల్ జాన్‌స్టన్ బృందం 29 మందికి 20 గ్రాముల యాపిల్ సైడర్ వెనిగర్‌ని నీళ్ళలో కలిపి ఇచ్చి, వెంటనే బ్రెడ్డు లాంటి బేగెల్, వెన్న, నారింజ రసం పెట్టింది. ఇంకా షుగర్ రాకపోయినా ఇన్సులిన్ సరిగా పట్టని వాళ్ళలో, తిన్న మొదటి గంటలో ఇన్సులిన్ పట్టే గుణం 34 శాతం మెరుగైంది. అప్పటికే టైప్ 2 వచ్చినవాళ్ళలో 19 శాతమే. ఆ 19 కూడా గణాంకాల లెక్కలో గట్టిగా నిలబడలేదు. చాలామంది ఆ 34ని మాత్రమే పట్టుకుని ప్రచారం చేస్తారు.

భోజనాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. 2010లో టైప్ 2 ఉన్నవాళ్ళకి కొందరికి మెత్తగా మెదిపిన ఆలుగడ్డలాంటి, షుగర్‌ని వేగంగా పెంచే భోజనం పెట్టారు. కొందరికి ముడి ధాన్యపు రొట్టె, ఆకుకూరలాంటి, నెమ్మదిగా పెంచే భోజనం పెట్టారు. మొదటి రకంలో వెనిగర్ తేడా చూపింది, రెండో రకంలో చూపలేదు. అంటే మీ భోజనం ఇప్పటికే పద్ధతిగా ఉంటే వెనిగర్‌కి చేయడానికి పెద్దగా పని మిగలదు. ఉత్త గ్లూకోజు నీళ్ళతో ఇచ్చి చూసినప్పుడు కూడా తేడా రాలేదు. గ్లూకోజులో విడగొట్టడానికి ఏమీ లేదు మరి. స్వీటు తినేసి వెనిగర్ తాగితే చెల్లుకు చెల్లు అనుకునేవాళ్ళు ఈ ముక్కని రెండుసార్లు చదవండి.

ఏ సీసా కొనాలి

దీనికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. లేబుల్ మీద ఎసిటిక్ ఆమ్లం శాతం చూడండి. ఐదు దగ్గర ఉంటే సరిపోతుంది. పనిచేసేది ఆ ఆమ్లమే కాబట్టి యాపిల్ సైడర్ వెనిగరే కావాలన్న నియమం లేదు, మామూలు తెల్ల వెనిగర్ కూడా సరిపోతుంది. సీసా అడుగున మడ్డిలా తేలే దాన్ని 'మదర్' అంటారు. అది వెనిగర్ తయారుచేసే బ్యాక్టీరియా, అవి అల్లుకున్న పీచు. అది ఉంటే షుగర్ ఎక్కువ తగ్గుతుందని ఎవరూ రుజువు చేయలేదు. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు.

వద్దనాల్సినవి నాలుగు. బాల్సమిక్ వెనిగర్‌లోనూ, ముందే తీపి కలిపి అమ్మే వెనిగర్‌లోనూ చక్కెర ఉంటుంది. గమ్మీలు, అంటే నమిలే మిఠాయిల్లా అమ్మే వెనిగర్ బిళ్ళల్లో కూడా చాలా వాటిల్లో చక్కెర ఉంటుంది, ఆమ్లమేమో ఎంత ఉందో తెలియదు. మాత్రల సంగతి ఇంకా అన్యాయం. ఒకావిడకి వెనిగర్ మాత్ర గొంతులో ఇరుక్కుని గాయం చేశాక అమెరికాలో ఎనిమిది రకాల మాత్రల్ని పరీక్షించారు. 2005లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం ఒక్కో దానిలో ఆమ్లం ఒక్కోలా ఉంది, లేబుల్ మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు.

ఇంకొకటి. ల్యాబుల్లో, పరిశ్రమల్లో వాడే గాఢ ఎసిటిక్ ఆమ్లం వేరు. దాన్ని ఇంట్లో నీళ్ళు కలిపి వెనిగర్‌గా చేసుకుందామనే ఆలోచనే వద్దు. అది చర్మాన్నీ, గొంతునీ కాల్చేస్తుంది.

ఎంత, ఎప్పుడు, ఎలా

నేను మొదటిసారి నీళ్ళు కలపకుండా ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. ఆ ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కి, పొలమారి, కళ్ళమ్మట నీళ్ళు వచ్చేదాకా దగ్గాను. ఆ సాయంత్రం దాకా గొంతులో గీరుకుపోయినట్టే ఉంది. మీకు ఆ ముచ్చట వద్దు. నీళ్ళు కలపకుండా ఎప్పుడూ తాగొద్దు.

మొదటి రెండు రోజులు ఒక టీ స్పూన్, అంటే 5 మిల్లీలీటర్లు, పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి భోజనంతో పాటు తాగి చూడండి. కడుపులో మంట, వికారం లేకపోతే రెండు టీ స్పూన్లకి, అంటే 10 మిల్లీలీటర్లకి వెళ్ళండి. ప్రయోగానికి ఇది చాలు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో రెండు టీ స్పూన్లకే తేడా కనిపించిందని 2010లో అదే అరిజోనా బృందం రాసింది. భోజనానికి ఐదు గంటల ముందు తాగినదానికన్నా భోజనంతో పాటు తాగినప్పుడే ఎక్కువ పనిచేసిందని కూడా అందులోనే తేలింది. పరగడుపున తాగే అలవాటుకి ఇక్కడే గాలి తీసినట్టయింది. పొద్దున్నే తాగి, రెండు గంటల తర్వాత టిఫిన్ తింటే ఆ వెనిగర్ ఎవరికోసం తాగినట్టు?

ఏ భోజనంలోనూ 15 మిల్లీలీటర్లు దాటొద్దు, రోజు మొత్తానికి 30 దాటొద్దు. ప్రయోగాల్లో వాడిన మోతాదులు దాదాపు ఈ పరిధిలోనివే. రెట్టింపు తాగితే రెట్టింపు ఫలితం వస్తుందని ఎక్కడా లేదు.

తాగడం కన్నా తినడమే నాకు నచ్చిన దారి. పచ్చి కూరగాయ ముక్కల మీద వెనిగర్, కొంచెం నూనె చల్లి భోజనం మొదట్లోనే తింటే గొంతుకీ పళ్ళకీ ఇబ్బంది తక్కువ. తాగాల్సి వస్తే స్ట్రాతో తాగండి, నోట్లో పుక్కిలించొద్దు, చప్పరించొద్దు. తర్వాత మామూలు నీళ్ళతో నోరు కడుక్కుని, బ్రష్ చేయడానికి కనీసం అరగంట ఆగండి. పులుపుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పంటి పైపొర 5.5 కన్నా తక్కువ పీహెచ్‌లో కరగడం మొదలవుతుంది. వెనిగర్ పీహెచ్ రెండున్నర, మూడు దగ్గర ఉంటుంది. మెత్తబడిన పొర మీద బ్రష్ పెడితే రుద్ది తీసేసినట్టే.

పులుపు తట్టుకోలేక చిటికెడు వంటసోడా వేసేవాళ్ళు ఉంటారు. బుసబుసమని పొంగి, పులుపు విరిగి, తాగడానికి హాయిగానే ఉంటుంది. కానీ విరిగింది పులుపు ఒక్కటే కాదు. 1995లో ఇటలీలో సోడాతో విరిచిన వెనిగర్‌ని కూడా బ్రెడ్డుతో పెట్టి చూశారు. మామూలు వెనిగర్ షుగర్‌ని తగ్గించింది, విరిచినది తగ్గించలేదు. ఆమ్లం పోతే పని కూడా పోతుంది.

ఆరు రోజుల పరీక్ష

మీరు మామూలుగా తినే భోజనాల్లో, తిన్నాక షుగర్‌ని బాగా పెంచేది ఒకటి ఎంచుకోండి. ఆరు రోజులూ అదే భోజనం, అదే పూట, అదే పరిమాణం. "సుమారుగా అంతే" అనే మాట ఇక్కడ చెల్లదు. ఒక పిడికెడు అన్నం ఎక్కువైతే చాలు, వెనిగర్ తెచ్చే తేడా మొత్తం అందులో కొట్టుకుపోతుంది. తూకం వేసి గ్రాములు రాసుకోండి. కూడా ఏం తిన్నారో అదీ రాయండి.

మందులు ఎప్పటిలాగే, అదే సమయానికి వేసుకోండి. డోసు తగ్గించి వెనిగర్‌తో భర్తీ చేద్దామని చూడొద్దు. పరీక్ష రోజుల్లో తిన్నాక రెండు గంటలు ఒకేలా గడపండి. ఒకరోజు నడిచి, ఒకరోజు కూర్చుంటే మీరు కొలిచింది నడకని, వెనిగర్‌ని కాదు. జ్వరం వచ్చినా, రాత్రి నిద్ర లేకపోయినా, ఏదైనా పెద్ద టెన్షన్‌లో ఉన్నా ఆ రోజు వదిలేసి ఇంకో రోజు చేయండి.

మూడు రోజులు వెనిగర్ కలిపిన నీళ్ళు, మూడు రోజులు అంతే పరిమాణంలో ఉత్త నీళ్ళు. వరసగా మూడు, ఆపైన మూడు కాదు, మార్చి మార్చి చేయండి. నేనైతే ఆరు చీటీలు రాసి, రోజుకొకటి తీస్తాను. ఈ రోజు షుగర్ తక్కువగా ఉంది కాబట్టి వెనిగర్ రోజు చేద్దాం అని మనసు చేసే తొండిని చీటీ ఆపుతుంది.

కొలవాల్సింది మూడుసార్లు: తినబోయే ముందు, మొదటి ముద్ద నోట్లో పెట్టిన గంటకి, రెండు గంటలకి. తినడం పూర్తయినప్పటి నుంచి కాదు, మొదటి ముద్ద నుంచి. ఫోనులో అలారం పెట్టుకోండి. వీలుంటే ఒక నీళ్ళ రోజు, ఒక వెనిగర్ రోజు మూడో గంటకి కూడా చూడండి. కొలిచే ముందు సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా తుడుచుకోండి. పండు కోసిన వేలితో గుచ్చితే మీటరు పండులోని చక్కెరని కూడా కలిపి చెబుతుంది. స్ట్రిప్పుల డబ్బా గడువు చూడండి, మూత బిగించి పెట్టండి. ఆరు రోజులూ ఒకే మీటరు వాడండి.

చేతికి అతికించే సెన్సర్ ఉన్నవాళ్ళకి వేళ్ళు గుచ్చుకునే బాధ లేదు. అయితే సెన్సర్ చూపేది రక్తంలోని అంకె కాదు, చర్మం కింది ద్రవంలోనిది. కొన్ని నిమిషాలు వెనక నడుస్తుంది. గీత మొత్తం చూడండి, ఒక్క అంకె కాదు.

పుస్తకంలో అంకెల్ని చదవడం

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లెక్క ఎలా చేయాలో చూపడానికి నేను ఊహించి రాసిన ఒక పేజీ ఇది. అంకెలు వరసగా తినే ముందు, గంటకి, రెండు గంటలకి.

నీళ్ళ రోజులు:
118 – 214 – 176
124 – 209 – 181
115 – 221 – 170

వెనిగర్ రోజులు:
121 – 196 – 178
112 – 203 – 174
126 – 190 – 181

గంట దగ్గరి అంకెని మాత్రమే చూడొద్దు, తినే ముందు ఉన్నదాన్ని అందులోంచి తీసేయండి. కావాల్సింది పెరుగుదల. నీళ్ళ రోజుల్లో 96, 85, 106 పెరిగింది, సగటు 96. వెనిగర్ రోజుల్లో 75, 91, 64, సగటు 77. అంటే తేడా 19. బాగానే ఉందనిపిస్తుంది. కానీ వెనిగర్ తాగిన ఒక రోజు 91 పెరిగింది, ఉత్త నీళ్ళు తాగిన ఒక రోజు 85 మాత్రమే పెరిగింది. ఆ రెండు రోజుల్నే చూసినవాళ్ళు వెనిగర్‌తో షుగర్ పెరుగుతుందని ఊరంతా చెప్పేవాళ్ళు. ఒక్కరోజు రీడింగుతో ఎందుకు తీర్పు చెప్పకూడదో ఇందులోనే ఉంది.

ఇప్పుడు రెండు గంటల అంకెలు చూడండి. నీళ్ళ రోజుల సగటు 176, వెనిగర్ రోజులది 178. అక్కడ తేడా ఏమీ లేదు. పొట్ట నెమ్మదించింది కాబట్టి శిఖరం కొంచెం తగ్గి, కొంచెం పక్కకి జరిగిందంతే. మూడో గంటకి వెనిగర్ రోజునే అంకె ఎక్కువగా ఉంటే, షుగర్ తగ్గలేదు, ఆలస్యంగా వచ్చిందని అర్థం.

మీటరు తప్పు కూడా లెక్కలో ఉంచుకోండి. ఐఎస్‌ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100, ఆపైన ఉన్న రీడింగుల్లో నూటికి 95 ల్యాబు విలువకి 15 శాతం అటూ ఇటూ లోపు ఉంటే చాలు. అసలు షుగర్ 200 ఉంటే మీటరు 170 చూపినా, 230 చూపినా ప్రమాణం ఒప్పుకుంటుంది. అందుకే ఐదు, పది తేడాకి సంబరపడొద్దు. నా లెక్క ఇది: మూడేసి రోజుల సగటుల మధ్య తేడా 15 లోపు ఉంటే లేనట్టే అనుకోండి. 15కీ 30కీ మధ్య ఉంటే ఇంకో ఆరు రోజులు చేసి చూడండి. రెండోసారీ అదే వైపు వస్తే నమ్మొచ్చు. ఇది శాస్త్రం పెట్టిన గీత కాదు, అంకెలతో కుస్తీ పట్టి నేను పెట్టుకున్నది.

మధ్యలో షుగర్ పడిపోతే

చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి, మాట తడబాటు ఉంటే పరీక్ష సంగతి మర్చిపోయి వెంటనే మీటరు పెట్టండి. 70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజు పొడి గానీ, అంత గ్లూకోజు వచ్చే బిళ్ళలు గానీ తీసుకుని, 15 నిమిషాలకి మళ్ళీ చూడండి. ఇంకా తక్కువగానే ఉంటే మళ్ళీ అంతే. వెనిగర్ తాగి ఉన్నారు కాబట్టి బిస్కెట్టు, బ్రెడ్డు లాంటివి పొట్టలోంచి మెల్లగా కదులుతాయి. అప్పుడు గ్లూకోజే దిక్కు. అకార్బోజ్, వోగ్లిబోజ్ వాడేవాళ్ళకి మామూలు పంచదార కూడా త్వరగా పనిచేయదు, గ్లూకోజే వాడాలి. స్పృహ తప్పుతున్న మనిషి నోట్లో ఏదీ పోయొద్దు, అంబులెన్సుని పిలవండి. ఇలా ఒక్కసారి జరిగినా వెనిగర్ ఆపేసి డాక్టరుకి చెప్పాలి.

రాత్రి పడుకునే ముందు తాగితే?

ఈ ప్రశ్న తరచూ వస్తుంది. దీని వెనక 2007 నాటి చిన్న ప్రయోగం ఉంది. ఇన్సులిన్ వాడని టైప్ 2 వాళ్ళు 11 మంది, పడుకోబోయే ముందు రెండు పెద్ద చెంచాల వెనిగర్, ఒక ముక్క చీజ్ తీసుకున్నారు. పొద్దున పరగడుపు షుగర్ 4 శాతం తగ్గింది. నీళ్ళతో తీసుకున్నప్పుడు కూడా 2 శాతం తగ్గింది. పరగడుపున 140 ఉన్నవాళ్ళకి 4 శాతం అంటే ఐదారు పాయింట్లు. అది మీ మీటరు పట్టుకోగలిగిన తేడా కాదు. పైగా ఆ ప్రయోగం నడిచింది రెండు రోజులే. ఆ ఐదారు పాయింట్ల కోసం పొట్టలో ఆమ్లం పోసుకుని వెల్లకిలా పడుకుంటే పులితేన్పులు, గుండెల్లో మంట మాత్రం రావచ్చు. నేను చేయమని చెప్పను.

బరువు తగ్గడం మాట కూడా ఇందులోకి వస్తుంది. 2024లో లెబనాన్ యువత మీద చేసిన ఒక ప్రయోగం, వెనిగర్‌తో బరువూ షుగరూ బాగా తగ్గాయని చెప్పి ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. అంకెల మీద అనుమానాలు వచ్చి, 2025లో ఆ పత్రాన్ని ప్రచురించిన జర్నలే వెనక్కి తీసుకుంది. వార్త చదివినంతమంది ఆ వెనక్కి తీసుకున్న సంగతి చదవలేదు. ఇప్పటికీ ఎవరైనా ఆ అంకెలే మీకు పంపిస్తే ఇది గుర్తుంచుకోండి.

ఫలితం వచ్చాక

పనిచేసిందా? అయితే షుగర్‌ని బాగా పెంచే ఆ ఒక్క భోజనంతోనే వాడుకోండి, ప్రతి పూటా అక్కర్లేదు. నోటుబుక్కుని ఈసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. "వెనిగర్ తాగుతున్నాను" అనడం కన్నా ఆ పేజీ చూపిస్తే ఆయన కూడా శ్రద్ధగా చూస్తారు. మందు తగ్గించడం, మార్చడం ఆ పేజీ చూసి ఆయన చేయాల్సిన పని. నీరు తీసే మాత్రలు వాడుతుంటే రక్తంలో పొటాషియం కూడా చూడమని అడగండి. దంత వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు వెనిగర్ వాడుతున్న సంగతి అక్కడా చెప్పండి.

పనిచేయకపోతే సీసాని వంటకి వదిలేయండి. మిగిలిన స్ట్రిప్పులతో ఇదే పరీక్షని ఇంకో రెండిటి మీద చేసి చూడొచ్చు, నాకు వెనిగర్ కన్నా వాటి మీదే ఎక్కువ ఆశ. ఒకటి, తిన్న వెంటనే పావుగంట మామూలు నడక. రెండోది, అదే కంచంలో ఉన్నవాటిని వరస మార్చి తినడం: ముందు కూరగాయలు, మాంసకృత్తులు, చివర్లో పిండిపదార్థం. 2015లో అమెరికాలో మెట్‌ఫార్మిన్ వాడే 11 మంది టైప్ 2 వాళ్ళకి ఒకే భోజనాన్ని ఇలా వరస మార్చి పెడితే గంట దగ్గర షుగర్ 37 శాతం దాకా తక్కువగా వచ్చింది. ఇదీ చిన్న ప్రయోగమే. కానీ దీనికి చెంచా అక్కర్లేదు, పళ్ళు అరగవు.

కొత్త మందు మొదలైనా, డోసు మారినా పాత పేజీలోని అంకెలు ఇక లెక్కలోకి రావు. ఆరు చీటీలూ మళ్ళీ మడిచి పెట్టుకోవాలి.